యుద్ధాలకు వేల కోట్ల డాలర్లు, వీధుల్లో లక్షల మంది: అమెరికా ఖర్చుపై తరచుగా అడిగే ప్రశ్నలు

సియాటిల్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో ఫ్లైఓవర్ కింద వరసగా గుడారాలు కనిపిస్తాయి. అదే రోజు వార్తల్లో ఉక్రెయిన్‌కో ఇజ్రాయెల్‌కో మరో ప్యాకేజీ అని వస్తుంది. రెండూ చూసినవాళ్ల కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం చాలాసార్లు అసలు అడ్డంకి దగ్గరికి చేరదు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ల నుంచి, ఇక్కడ పిల్లలున్న తల్లిదండ్రుల నుంచి పదేపదే వచ్చే సందేహాలు ఇవి. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. అంకెలన్నీ కోట్లలోనే ఇచ్చాం. 1 బిలియన్ అంటే 100 కోట్లు, 1 ట్రిలియన్ అంటే లక్ష కోట్లు.

## ముందుగా: సొమ్ము ఎంత, మనుషులు ఎంతమంది

ఉక్రెయిన్‌కి మొత్తం ఎంత ఇచ్చారు? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారేంటి?

అమెరికా కాంగ్రెస్ ఐదు బిల్లుల్లో డబ్బు మంజూరు చేసింది. 2022 మార్చిలో 1,360 కోట్ల డాలర్లు, మేలో 4,010 కోట్లు, సెప్టెంబర్‌లో 1,230 కోట్లు, డిసెంబర్‌లో 4,500 కోట్లకు పైగా, 2024 ఏప్రిల్‌లో 6,080 కోట్లు. అంతా కలిపి సుమారు 17,500 కోట్ల డాలర్లు. 2025లో ఇలాంటి బిల్లు మరొకటి రాలేదు.

లెక్కలు తేడాగా వినిపించడానికి కారణం, ఒకరు మంజూరైన మొత్తం చెబితే ఇంకొకరు కాంట్రాక్టులు రాసిన మొత్తం చెబుతారు, మరొకరు నిజంగా చెల్లించినది చెబుతారు. ఆయుధాల తయారీకి ఏళ్లు పడుతుంది కాబట్టి ఈ మూడింటి మధ్యా చాలా ఎడం ఉంటుంది. పైగా ఈ బిల్లుల్లో యూరప్‌లో ఉన్న అమెరికా సైన్యం ఖర్చు కూడా ఉంది. దాన్ని ఉక్రెయిన్ ఖాతాలో వేయాలా వద్దా అన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. ఎవరైనా అంకె చెబితే అది వీటిలో ఏదో ముందు అడగండి.

హెచ్‌-1బీ మీద ఉన్నాం. మా జీతంలో కోసుకున్న ట్యాక్స్ యుద్ధానికి పోతోందా?

ఏడాది జీతం, పన్ను లెక్కతో కంపెనీ ఇచ్చే మీ డబ్ల్యూ-2 ఫారం తీసి చూడండి. 2వ గడిలో ఉన్నది ఫెడరల్ ఆదాయపు పన్ను. అది సాధారణ ఖజానాలో కలుస్తుంది, రక్షణ శాఖకైనా ఇళ్ల పథకాలకైనా అక్కడి నుంచే డబ్బు వెళ్తుంది. 4వ గడి సోషల్ సెక్యూరిటీ (పింఛను), 6వ గడి మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా). ఈ రెండింటికీ ప్రత్యేక నిధులున్నాయి, వాటిలోంచి ఆయుధాలు కొనరు. అయితే భారత్‌కీ అమెరికాకీ సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. 40 త్రైమాసికాలు, అంటే సుమారు పదేళ్లు, పని చేయకుండా వెనక్కి వెళ్లిపోయినవాళ్లకు కట్టిన డబ్బు మీద పింఛను రాదు. తెలుగువాళ్ల జేబుకు సూటిగా తగిలే అన్యాయం ఇది. యుద్ధాల గొడవలో దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

2024 ఆర్థిక సంవత్సరంలో ఫెడరల్ ప్రభుత్వం సుమారు 6.75 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. ప్రతి 100 డాలర్లలో సోషల్ సెక్యూరిటీకి దాదాపు 22, రక్షణకు 13 చొప్పున పోయాయి. అప్పుల మీద వడ్డీకి కూడా 13 పోయాయి. ఉక్రెయిన్‌కి మంజూరైనదంతా 2022 నుంచి 2024 వరకు జరిగిన మొత్తం ఖర్చుతో పోలిస్తే 100కి 1 డాలర్ కంటే కాస్త తక్కువే.

ఉక్రెయిన్ డబ్బు నిజంగా ఆ దేశానికి వెళ్లిందా, ఇక్కడి కంపెనీలకే వెళ్లిందా?

ప్రధానంగా మూడు దారుల్లో వెళ్లింది. మొదటిది, అమెరికా గిడ్డంగుల్లో ఉన్న ఆయుధాలను అధ్యక్షుడి అధికారంతో తీసి పంపడం. మామూలుగా దీనికి ఏడాదికి 10 కోట్ల డాలర్ల పరిమితి ఉంటుంది. 2022లో దాన్ని 1,100 కోట్లకు, 2023లో 1,450 కోట్లకు పెంచారు. ఇలా పంపినప్పుడు డబ్బు చేతులు మారదు. ఖాళీ అయిన గిడ్డంగిని నింపడానికి పెట్టే ఖర్చు మాత్రం పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ ఫిరంగి గుండ్ల కర్మాగారం, అలబామాలోని ట్రాయ్ క్షిపణుల కర్మాగారం లాంటి చోట్లకు వెళ్తుంది. రెండోది, ఉక్రెయిన్ కోసమే కొత్తగా కంపెనీలకు ఇచ్చే ఆర్డర్లు. 2024 బిల్లులో సుమారు 1,380 కోట్లు దీనికే. మూడోది, ఉక్రెయిన్ ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు, పింఛన్ల కోసం ప్రపంచ బ్యాంకు ద్వారా ఇచ్చిన నగదు. నేరుగా దేశం దాటిన నగదులో ఎక్కువ భాగం ఇదే.

"డబ్బంతా ఇక్కడే తిరిగింది" అనేవాళ్ల మాటలో సగం నిజముంది. కానీ స్క్రాంటన్‌లో గుండ్లు తయారుచేసిన డబ్బుతో ఫిలడెల్ఫియాలో ఎవరి అద్దే తీరలేదు. సొమ్ము దేశంలోనే ఉండటం వేరు, అవసరమైనవాడికి అందడం వేరు.

ఇళ్లు లేనివాళ్లు అమెరికాలో ఎంతమంది?

2024 జనవరి లెక్కలో 7,71,480 మంది. వీళ్లలో 2,74,224 మంది ఆ రాత్రి ఏ షెల్టర్‌లోనూ లేరు. కార్లలో, గుడారాల్లో, కాలిబాటల మీద ఉన్నారు. ముందు ఏడాది మొత్తం 6,53,104.

ఇది జనవరి చివరి పది రోజుల్లో ఒక రాత్రి వాలంటీర్లు తిరిగి చేసే లెక్క. ఏడాది పొడవునా ఇల్లు పోగొట్టుకుని మళ్లీ సంపాదించుకున్నవాళ్లు దీనిలోకి రారు. బంధువుల ఇంట్లో ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుంటున్న కుటుంబాలూ రావు. బడులు వేరే నిర్వచనంతో లెక్కిస్తాయి, అలా సర్దుకుంటున్న పిల్లలనూ కలుపుకుంటాయి. 2021-22 చదువుల సంవత్సరంలో బడులు నమోదు చేసిన నిరాశ్రయ విద్యార్థులే 12 లక్షలకు పైగా ఉన్నారు.

## డబ్బు కదిలే దశ

యుద్ధానికి నెలలో బిల్లు పాసవుతుంది, ఇళ్లకు మాత్రం డబ్బు లేదంటారు. ఇదెలా?

మొత్తం వ్యవహారంలో అసలు కీలకం ఇక్కడే ఉంది. మామూలు ఏడాది ఖర్చుకు ముందే ఒక పరిమితి గీస్తారు. 2023లో చేసిన చట్టం ప్రకారం 2024 ఆర్థిక సంవత్సరానికి రక్షణకు 88,600 కోట్ల డాలర్లు, రక్షణేతర శాఖలన్నిటికీ కలిపి 70,400 కోట్లు. ఆ రెండో మొత్తాన్ని కాంగ్రెస్ ఉపసంఘాలకు పంచుతారు. ఇళ్ల సాయం రవాణా శాఖతో కలిసి ఒకే బిల్లులో ఉంటుంది. అంటే అద్దె సాయం పెంచాలంటే విమానాశ్రయాలు, రైళ్ల డబ్బుతో పోటీ పడాలి. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే అక్టోబర్ 1కి బిల్లు తేలకపోతే పాత మొత్తాన్నే తాత్కాలికంగా పొడిగిస్తారు. ఈలోగా అద్దెలు పెరుగుతాయి కాబట్టి అదే డబ్బుకు తక్కువ కుటుంబాలకే సాయం అందుతుంది.

యుద్ధం డబ్బు ఈ దారిలో రాదు. దాన్ని "అత్యవసరం" అని కాంగ్రెస్ రాస్తుంది, అధ్యక్షుడు ఒప్పుకుంటాడు. ఆ ముద్ర పడితే పరిమితి వర్తించదు, వేరే ఖర్చు ఏదీ తగ్గించనక్కర్లేదు. 2022 ఏప్రిల్ 28న బైడెన్ 3,300 కోట్లు అడిగితే, మే 21 నాటికి 4,010 కోట్ల బిల్లు మీద సంతకం అయింది. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చారు. ఇళ్ల పథకానికి అలా జరగడం చాలా అరుదు.

యుద్ధం బిల్లు ఆపేసి ఉంటే ఆ డబ్బు ఇళ్లకు వచ్చేదా?

రాదు. దీనికి కళ్లముందున్న రుజువు ఉంది. 2023 అక్టోబర్‌లో అడిగిన ఉక్రెయిన్ ప్యాకేజీ 2024 ఏప్రిల్ దాకా ఆరు నెలలు ఆగింది. ఆ ఆరు నెలల్లో అందులోంచి ఒక్క డాలర్ కూడా అద్దె సాయానికి మళ్లలేదు, మళ్లించడానికి దారే లేదు. కాంగ్రెస్ ఒక పనికి మంజూరు చేసిన డబ్బును అధికారులు ఇంకో పనికి వాడటం చట్టవిరుద్ధం. మంజూరు చేయని డబ్బు అసలు ఎక్కడా ఉండదు.

కాబట్టి "అక్కడ ఆపండి" అనే డిమాండ్ ఒక్కటే ఇక్కడ ఎవరికీ కప్పు వేయదు. "ఇక్కడ ఇవ్వండి" అనేది విడిగా, ఫలానా బిల్లు పేరుతో, ఫలానా పద్దు పేరుతో అడగాలి.

దేశంలోని పేదల కోసం ఆ అత్యవసర దారి ఎప్పుడూ తెరవలేదా?

తెరిచారు, అది పనిచేసింది కూడా. కోవిడ్ కాలంలో 2020 డిసెంబర్‌లో 2,500 కోట్లు, 2021 మార్చిలో 2,155 కోట్లు అద్దె బకాయిల సాయానికే ఇచ్చారు. అదనంగా 500 కోట్లతో 70,000 అత్యవసర ఇంటి వోచర్లు (అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం) వచ్చాయి. పిల్లల పన్ను రాయితీని 2021లో పెంచి నెలనెలా బ్యాంకు ఖాతాల్లో వేశారు. ఆ ఏడాది పిల్లల్లో పేదరికం, ప్రభుత్వ సాయాన్నీ ఆదాయంగా లెక్కించే అనుబంధ కొలమానం ప్రకారం, 5.2 శాతానికి దిగింది. పెంపును కొనసాగించలేదు. 2022లో అదే కొలమానం 12.4 శాతం చూపింది. ఒక్క ఏడాదిలో రెట్టింపు కంటే ఎక్కువ.

ఆ 70,000 వోచర్ల డబ్బు అనుకున్న గడువుకంటే ముందే, 2026లో అయిపోతుందని గృహనిర్మాణ శాఖ 2025 మార్చిలో స్థానిక సంస్థలకు తెలిపింది. అద్దెలు పెరగడమే ప్రధాన కారణం. గుడారంలోంచి ఇంట్లోకి వచ్చిన కుటుంబం మళ్లీ రోడ్డున పడే ప్రమాదం ఇలాంటి పద్దుల్లోనే పుడుతుంది. ఒక్కసారి ఇచ్చి ఊరుకునే డబ్బుతో నెలనెలా వచ్చే అద్దె తీరదు.

యుద్ధాలకు అప్పు తెస్తున్నారా, పన్ను వేస్తున్నారా?

వియత్నాం కాలంలో, 1968లో, ఆదాయపు పన్ను మీద 10 శాతం అదనపు పన్ను వేశారు. జనానికి యుద్ధం ఖర్చు జేబులో తెలిసింది. ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాలకు అలాంటిదేమీ వేయలేదు. పైగా 2001, 2003లో పన్నులు తగ్గించారు. ఖర్చంతా అప్పులోకి వెళ్లింది. 2024 ఆర్థిక సంవత్సరంలో వడ్డీ ఖర్చు రక్షణ ఖర్చును దాటింది. ఆ వడ్డీలో యుద్ధాల వాటా కొంతే, పన్ను కోతలు, మాంద్యం, కోవిడ్ అన్నీ కలిసి పెంచాయి.

## ఇంటి సాయం ఆగిపోయే చోట్లు

ఆదాయం తక్కువ ఉంటే అద్దె సాయం హక్కు కాదా?

కాదు. చాలామందికి నమ్మశక్యం కాని విషయం ఇదే. ఆహార సాయం స్నాప్ అయితే, అర్హత ఉండి దరఖాస్తు చేసినవాళ్లకు ఇవ్వాల్సిందే. సెక్షన్ 8 అనే అద్దె వోచర్ అలా కాదు. ఏడాదికి ఇంత డబ్బని ఇస్తారు, అది అయిపోతే మిగిలినవాళ్లంతా వరుసలో నిలబడాలి. అర్హులైన నాలుగు కుటుంబాల్లో దాదాపు ఒక్కదానికే ఏదో ఒక ఫెడరల్ అద్దె సాయం అందుతోంది. చాలా నగరాల్లో ఆ వెయిటింగ్ లిస్టు కూడా ఏళ్ల తరబడి మూసే ఉంటుంది, తెరిచిన కొద్ది రోజుల్లో పేరు పడకపోతే మళ్లీ ఎప్పుడో తెలియదు.

వోచర్ చేతికొచ్చినవాళ్లకు కూడా ఇల్లు ఎందుకు దొరకదు?

వోచర్ వచ్చిన కుటుంబం సాధారణంగా తన ఆదాయంలో 30 శాతం కడుతుంది. మిగతాది స్థానిక గృహ సంస్థ కడుతుంది, కానీ ఒక పరిమితి వరకే. ఆ పరిమితిని గృహనిర్మాణ శాఖ ప్రకటించే ప్రాంతీయ అద్దెలో 90 నుంచి 110 శాతం మధ్య పెడతారు. ఆ ప్రాంతీయ అద్దె కూడా మార్కెట్‌లో కింది నుంచి 40 శాతం దగ్గర ఉండే అద్దె. అంటే చవక ఇళ్లలోనే వెతకాలి, వెతకడానికి ఇచ్చే తొలి గడువు కనీసం 60 రోజులు. ఇల్లు తనిఖీలో నెగ్గాలి. ఈలోపు యజమాని నేరుగా డబ్బు కట్టే ఇంకొకరికి ఇచ్చేస్తాడు. వోచర్‌వాళ్లకు ఇవ్వం అనడం కొన్ని రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం, టెక్సాస్‌లో కాదు. గడువు దాటితే వోచర్ వెనక్కి పోతుంది.

20 బిలియన్ డాలర్లు పెడితే ఇళ్లు లేని సమస్యే ఉండదంటున్నారు. నిజమా?

2,000 కోట్లు అనే ఆ అంకెను ఏడాది ఖర్చా, ఒక్కసారి ఖర్చా అని చెప్పకుండానే తిప్పుతున్నారు. ఒక చిన్న లెక్క వేద్దాం. 7,71,480 మందిలో ఒక్కొక్కరికి నెలకు 1,500 డాలర్ల అద్దె అనుకుంటే ఏడాదికి సుమారు 1,389 కోట్లు. కుటుంబాలు కలిసి ఒకే ఇంట్లో ఉంటాయి కాబట్టి ఇది తగ్గుతుంది. మానసిక చికిత్స, మత్తు నుంచి బయటపడే సాయం, ఒక్కొక్కరి అవసరాలు దగ్గరుండి చూసే కేస్‌వర్కర్ల జీతాలు కలిపితే పెరుగుతుంది. ప్రతి ఏడాదీ కొత్తగా ఇల్లు కోల్పోయేవాళ్లను కలపాలి. అద్దెకు ఇళ్లే లేని ఊళ్లలో కట్టాలి కూడా.

అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది అందని అంకె కాదు. ఒక్క 2024 ఏప్రిల్ ఉక్రెయిన్ కేటాయింపు ఆ ఏడాది అద్దె లెక్కకు నాలుగు రెట్లకు పైనే. నిరాశ్రయుల కోసం ఫెడరల్ ప్రభుత్వం స్థానిక బృందాలకు పోటీ మీద ఇచ్చే ప్రధాన గ్రాంటు ఏడాదికి సుమారు 350 కోట్లు.

కాలిఫోర్నియా అంత ఖర్చు చేసింది కదా, గుడారాలు ఎందుకు పోలేదు?

2024 ఏప్రిల్‌లో రాష్ట్ర ఆడిటర్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఐదేళ్లలో సుమారు 2,400 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఏ పథకంతో ఎంతమందికి స్థిరమైన ఇల్లు దక్కిందో రాష్ట్రం క్రమం తప్పకుండా లెక్క కట్టలేదు. రెండో తప్పు కట్టడం దగ్గర. లాస్ ఏంజెలెస్ ఓటర్లు 2016లో 120 కోట్ల బాండ్లకు ఒప్పుకున్నారు. నాలుగైదు చోట్ల నుంచి నిధులు అతికించడం, అనుమతులకు ఏళ్లు పట్టడం, ఇరుగుపొరుగు అభ్యంతరాలు కలిసి ఒక్కో ఫ్లాట్ ఖర్చును 6 లక్షల డాలర్ల దగ్గరికి తెచ్చాయి.

టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో అలా కాదు, అక్కడ ఇళ్లు తేలికగా కడతారు. సంస్థలన్నీ ఒకే జాబితాతో పనిచేశాయి, ముందు ఇల్లిచ్చి తర్వాత చికిత్స మొదలుపెట్టాయి. 2011 నుంచి అక్కడ నిరాశ్రయుల సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది. ఈ పద్ధతికి ఫెడరల్ మద్దతు తీసేయాలని 2025 జూలైలో ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. ఫలితమిచ్చిన పద్ధతిని ఇలా వదిలేయడం పొరపాటని మా నమ్మకం.

యుద్ధం చేసి వచ్చిన సైనికులే రోడ్డు మీద ఉన్నారు కదా?

2024లో 32,882 మంది మాజీ సైనికులకు ఇల్లు లేదు. ఒక్కరున్నా సిగ్గుపడాల్సిన విషయమే. కానీ 2010తో పోలిస్తే ఇది 55 శాతం తగ్గుదల. కారణం స్పష్టంగా తెలుసు. గృహనిర్మాణ శాఖ వోచర్ ఇస్తుంది, మాజీ సైనికుల శాఖ కేస్‌వర్కర్‌నీ వైద్యాన్నీ ఇస్తుంది. 2008 నుంచి ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఆ పద్దుకు డబ్బు ఆపలేదు. "ఏం చేసినా ఈ సమస్య తీరదు" అన్నవాళ్లకు ఇదే జవాబు. ఒక వర్గం మనుషులకు చేసి చూపించారు, మిగతావాళ్లకు చేయలేదు.

## లెక్క సరిచూసుకోవాలంటే

ఉక్రెయిన్‌కి పంపిన ఆయుధాల లెక్క సరిగ్గా ఉందా?

2023 జూన్‌లో అమెరికా రక్షణ శాఖ పెంటగానే ఒప్పుకున్న తప్పు 620 కోట్ల డాలర్లది. పంపిన పాత ఆయుధాలకు పుస్తకాల్లో ఉన్న విలువ కాకుండా, కొత్తవి కొనే ధర వేశారు. తప్పు సరిచేయగానే అంత మేరకు ఇంకా ఆయుధాలు పంపే వీలు దొరికింది. 2018లో మొదలైన శాఖ మొత్తం ఆడిట్‌లో పెంటగాన్ ఇంతవరకు నెగ్గలేదు.

మేమే చూసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

యూఎస్‌ఏ స్పెండింగ్ డాట్ గవ్ సైట్‌లో శాఖ, పద్దు వారీగా మంజూరు, కాంట్రాక్టు, చెల్లింపు మూడూ విడివిడిగా కనిపిస్తాయి. మీ కౌంటీ పేరు కొడితే అక్కడికి వచ్చిన గ్రాంట్లూ తెలుస్తాయి. బిల్లు పాఠం కాంగ్రెస్ డాట్ గవ్‌లో ఉంటుంది. అందులో "అత్యవసర అవసరం" అనే వాక్యం ఏ పద్దు కింద ఉందో వెతకండి.

## మనం చేయగలిగేది

ఓటు లేదు. మా మాట ఎవరు వింటారు?

ఓటు లేకపోయినా మీరు ఆ నియోజకవర్గంలో ఉంటున్నారు. ప్రతినిధి ఆఫీసు జిప్ కోడ్ అడుగుతుంది, పౌరసత్వం కాగితాలు అడగదు. క్యాపిటల్ స్విచ్‌బోర్డు 202-224-3121. ఏడాది బడ్జెట్ కోరికలు ప్రతినిధులు ఉపసంఘాలకు పంపేది ఎక్కువగా మార్చి నుంచి మే లోపు. ఆ సమయంలో "రవాణా, గృహనిర్మాణ బిల్లులో వోచర్ల పునరుద్ధరణకు పూర్తి డబ్బు ఇవ్వండి" అని ఒకే కోరిక చెప్పండి. "యుద్ధాలు ఆపి పేదలను చూడండి" అంటే ఏ పద్దు కిందా నమోదు కాదు. ఒక జాగ్రత్త: హెచ్‌-1బీ, ఎఫ్‌-1 మీద ఉన్నవాళ్లు ఏ ఎన్నికల అభ్యర్థికీ విరాళం ఇవ్వకూడదు, అది చట్టం దాటడం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు.

మా ఊళ్లో ఎవరిని, ఏం అడగాలి?

నిరాశ్రయుల ఫెడరల్ గ్రాంటు నడిపే స్థానిక బృందాన్ని కంటిన్యూమ్ ఆఫ్ కేర్ అంటారు. దేశంలో దాదాపు 400 ఉన్నాయి. చాలాచోట్ల వాళ్ల సమావేశాలకు ఎవరైనా వెళ్లొచ్చు. మూడే అడగండి: గత ఏడాది ఎంతమంది స్థిరమైన ఇంట్లోకి వెళ్లారు, వాళ్లలో రెండేళ్లలోపు మళ్లీ రోడ్డున పడినవాళ్లు ఎంతమంది, షెల్టర్‌లో సగటున ఎన్ని రోజులు ఉంటున్నారు. ఈ లెక్కలు వాళ్లు గృహనిర్మాణ శాఖకు ఎలాగూ పంపాలి. నగరంలో అపార్ట్‌మెంట్ల అనుమతి మీద విచారణ జరిగినప్పుడు కూడా వెళ్లండి. అక్కడ వ్యతిరేకించేవాళ్లే నిండి ఉంటారు. సొంత ఇళ్లున్న మన వాళ్లూ వాళ్లలో ఉంటారు.

తెలిసినవాళ్లు ఉద్యోగం పోయి అద్దె కట్టలేకపోతున్నారు. ముందు ఏం చేయాలి?

211కి ఫోన్ చేయమనండి. జిల్లాలోని అద్దె సాయం, ఆహారం, షెల్టర్ వివరాలు చెబుతారు, తెలుగు దుభాషి కావాలని అడగొచ్చు. యజమాని నోటీసు ఇచ్చినంత మాత్రాన ఇల్లు ఖాళీ చేయనక్కర్లేదు. కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం అందులో రాసిన గడువులోగా జవాబివ్వాలి, తేదీ ఉంటే తప్పక వెళ్లాలి, లేకపోతే తీర్పు ఏకపక్షంగా వస్తుంది. హెచ్‌-1బీ ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువు ఉంటుంది, ఐ-94 (దేశంలో ఉండటానికి అనుమతి పత్రం) తేదీ అంతకంటే ముందుంటే అప్పటిదాకే. తిరుగు ప్రయాణానికీ తాత్కాలిక బసకూ డబ్బు లేని భారత పౌరులు కాన్సులేట్‌లో భారతీయ సంఘ సంక్షేమ నిధి కింద దరఖాస్తు చేసుకోవచ్చు. ఆర్థిక పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. పాస్‌పోర్టు, వీసా కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్ వెంట పెట్టుకోవాలి.